మట్టయ్య నడపనన్న కారు

మట్టయ్య ఆర్టీసీ డ్రైవరుగా రిటైరైన రోజు డిపోలో ఆయన మెడలో బంతిపూల దండ వేశారు, శాలువా కప్పారు, ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క యాక్సిడెంటు చేయని మనిషని మైకులో పొగిడారు. అందరూ చప్పట్లు కొట్టారు. భార్య సుమిత్రమ్మ ముందు వరుసలో కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. రెండు మాటలు చెప్పమని మైకు చేతికిస్తే ఆయన "అందరికి దండాలు" అని, ఇచ్చినవాళ్ళకే తిరిగి ఇచ్చేశాడు. మాటలు రాక కాదు. ఇంటికి పోయి పడుకోవాలనిపించింది, అంతే.

ఆయనది నకిరేకల్ దగ్గర పల్లె. పెళ్ళికి ముందే లారీ మీద క్లీనరుగా పట్నం చేరి, స్టీరింగ్ పట్టడం నేర్చుకుని, తర్వాత ఆర్టీసీలో కుదురుకున్నాడు. సర్వీసంతా చాలావరకు దిల్‌సుఖ్‌నగర్ నుంచి పటాన్‌చెరు పోయే బస్సు మీదే గడిచిపోయింది. పట్నానికి ఆ కొస నుంచి ఈ కొసకు. మలక్‌పేటలో మొదలైన ఒత్తిడి కూకట్‌పల్లి దాటినా వదిలేది కాదు. గేరు మార్చీ మార్చీ ఎడమ భుజం, క్లచ్చి తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోయాయి. అయినా బండి దిగి ఇంటికొచ్చాక ఆయన ఏనాడూ డ్యూటీ సంగతులు చెప్పేవాడు కాదు. అన్నం తిని, గోడకు ఆనుకుని, టీవీ వైపు చూస్తూ కూర్చునేవాడు. టీవీలో ఏం వచ్చిందని అడిగితే చెప్పలేకపోయేవాడు.

ఎల్.బి.నగర్‌లో, చింతలకుంట దగ్గర ఒక కాలనీలో ఆయనకు చిన్న ఇల్లుంది. కొడుకు మహేష్, కోడలు జ్యోతిక వాళ్ళతోనే ఉంటారు. మహేష్ మియాపూర్ అవతల ఒక మందుల కంపెనీలో స్టోర్స్ చూస్తాడు. పొద్దున ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కినవాడు మళ్ళీ దీపాలు పెట్టే వేళకే దిగేది. జ్యోతిక కొత్తపేటలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఇద్దరికీ కలిపి ఒక మోటార్‌సైకిలు, ఒక స్కూటీ ఉన్నాయి. కారు నడపడం ఇద్దరిలో ఎవరికీ రాదు.

రిటైరైన కొత్తలో మట్టయ్య పొద్దెక్కేదాకా పడుకున్నాడు. అది ఎక్కువ కాలం సాగలేదు. మనిషి ఖాళీగా ఉన్నాడన్న కబురు చుట్టాలకు, ఇరుగుపొరుగుకు చేరిపోయింది. తమ్ముడి కూతురి పెళ్ళికి బండి కిరాయికి మాట్లాడితే, "మళ్ళ డ్రైవరెందుకు? మన మట్టన్న ఉన్నడు గద" అన్నారు. పెళ్ళికూతురిని మండపానికి, పెళ్ళివారిని విడిదికి తిప్పి తిప్పి, భోజనాల వేళకు ఆయన బండిలోనే కునుకు తీశాడు. ఎదురింటి చక్రపాణి గారిది తెనాలి. బ్యాంకులో పనిచేసి రిటైరైనవాడు. ఆయన కూడా నెలకు రెండుమూడుసార్లు గేటు దగ్గరకొచ్చి, "మట్టయ్య గారూ, ఈ కంటి ఆసుపత్రి దాకా కాస్త మా కారు తీయగలరా? ఈ ట్రాఫిక్‌లో నాకు ధైర్యం చాలట్లేదండీ" అని అడిగేవాడు. పెద్దమనిషి అంత మర్యాదగా అడిగితే కాదనడం మట్టయ్యకు తెలియదు. చొక్కా తొడుక్కుని వెళ్ళేవాడు.

అట్లాంటి రోజుల్లో సుమిత్రమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో చీరలు కొనుక్కుని, ఆటో దిగుతూ దిగుతూ జారిపడింది. ఎముక విరగలేదు గానీ, అసలే అరిగిన మోకాలు బుంగలాగా వాచింది. డాక్టరు ఆటోలు, బస్సులు ఎక్కవద్దన్నాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తింటున్నప్పుడు మహేష్ మాట ఎత్తాడు.

"నాయినా, ఇగ కారు కొనుడే. అమ్మను గీ మోకాళ్ళతోని ఎన్ని రోజులని ఆటోలల్ల తిప్పుతం?"

సుమిత్రమ్మ ముఖం వెలిగింది. "కొంటె కొత్తదే కొందాం బిడ్డా. ఒకరు కూసోని ఇడిసిన సీట్ల నేను కూసోను. గా బండి ఎవర్ని గుద్దిందో, ఎందుకు అమ్ముతున్నరో మనకేం ఎరుక?"

"పాతదే నయం అత్తమ్మా" అంది జ్యోతిక, పప్పు వడ్డిస్తూ.

"ఎందుకే?"

"ఊకెనే. పాతదైతె మంచిగుంటది."

"పాతది మంచిగెట్లుంటది?" అని మహేష్ నవ్వాడు. కొత్తబండిలో ఎయిర్‌బ్యాగులు ఉంటాయనీ, గుద్దుకున్నా ప్రాణాలకు భయం లేదనీ, పాతదైతే నెలకోసారి షెడ్డుకు మోయాలనీ ఫోనులో చూసిందంతా చెప్పాడు. చెప్పి, తండ్రి వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్ నాయినా? కొత్తదా, పాతదా? బండ్ల సంగతి నీకంటె ఎవరికెరుక?"

మట్టయ్య చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. "మీ ఇష్టం" అన్నాడు.

మరుసటి ఆదివారం నలుగురూ ఎల్.బి.నగర్ చౌరస్తాకు దగ్గరలో ఉన్న షోరూముకు వెళ్ళారు. లోపల చలువరాతి నేల మీద కార్లు పెళ్ళికూతుళ్ళలా నిలబడి ఉన్నాయి. ఉపేంద్ర అనే సేల్స్‌మన్ నీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, రంగుల పుస్తకం చేతిలో పెట్టాడు. నడిపి చూస్తారా అని అడగ్గానే మహేష్ తండ్రిని ముందుకు తోశాడు.

"మా నాయిన ఆర్టీసీల డ్రైవర్. ఒక్క యాక్సిడెంటు గూడ లేదు."

"అట్లయితే ఇంక మేం చెప్పేదేముంది సార్" అని ఉపేంద్ర వంగి తలుపు తెరిచాడు.

మట్టయ్య సాగర్ రోడ్డు మీద కొంతదూరం పోయి తిప్పుకొచ్చాడు. బండి వెన్నలా పోతోంది. చప్పుడు లేదు, వేడి లేదు. వెనక సీట్లో సుమిత్రమ్మ, మహేష్, జ్యోతిక కూర్చున్నారు. చల్లగాలి ముఖాలకు తగిలేసరికి వాళ్ళకు ఊహలు పుట్టుకొచ్చాయి.

"పొద్దుగాల జ్యోతికను కొత్తపేటల దింపి, అటెంకల అమ్మను దవాఖానకు తీస్కపోవచ్చు" అన్నాడు మహేష్.

"గుట్ట మీద దేవుని కాడికి నెలకోపారి పోవాలె" అంది సుమిత్రమ్మ. "మా అక్కోళ్ళింటికి గూడ. పాపం, అది ఎన్నిసార్ల నుంచి రమ్మంటుందో."

"నన్ను వానాకాలం మెట్రో కాడ దింపి, మాపటికి మళ్ళ ఎక్కించుకుంటె సాలు నాయినా. తడువకుంట పోత."

మట్టయ్య అద్దంలో వాళ్ళ ముఖాలు చూశాడు. ముగ్గురూ సంతోషంగా ఉన్నారు. వాళ్ళు చెప్పేదంతా ఆయన చెవికి డిపోలో గోడకు అంటించే డ్యూటీ చార్టులా వినబడింది. ఆ చార్టులో వారానికో రోజు సెలవైనా ఉండేది. బండి దిగాక "ఎట్లున్నది నాయినా?" అని మహేష్ అడిగితే, "మంచిగనే ఉన్నది" అన్నాడు. అది అబద్ధం కాదు. బండి మంచిగానే ఉంది.

జ్యోతిక మాట కూడా వినాలి కదా అని, ఆ మరుసటి వారం నాగోల్ వైపు రోడ్డు పక్కన ఉన్న పాత కార్ల యార్డుకు పోయారు. రేకుల షెడ్డు కింద వరుసగా కడిగి నిలబెట్టిన బండ్లు. యార్డాయన ఒక్కో బండి బానెట్టు ఎత్తి చూపించాడు. మహేష్, జ్యోతిక ఇద్దరూ మట్టయ్య నోటి వైపు చూశారు. ఆయన వంగి చూశాడు. వైర్లు, డబ్బాలు, నూనె మరకలు. ఇన్నేళ్ళలో ఆయన ఏనాడూ ఇంజనులో వేలు పెట్టలేదు. బండి లాగుతున్నట్టు, ఊగుతున్నట్టు అనిపిస్తే గ్యారేజీలో చెప్పి తాళం అప్పగించేవాడు. తర్వాత సంగతి మెకానిక్కులది.

"ఏమంటవ్ నాయినా?"

"నాకేం సమజైతలేదురా."

"గదేంది? నువ్వే గట్లంటె ఎట్ల?"

"నాకు నడుపుడొక్కటే ఎరుక."

మహేష్ నమ్మలేదు. తండ్రికి ఏ బండీ నచ్చక అలా అంటున్నాడనుకున్నాడు. నడిపితే తెలుస్తుందని ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించాడు. ఒకదానిలో స్టీరింగ్ బరువు, ఒకదానిలో క్లచ్చి బిగుతు, మరోదానిలో ఎవరి ఇంట్లోదో అగరుబత్తి వాసన. చివరికి మట్టయ్య కుర్చీ ఒకటి నీడకు లాక్కుని కూర్చుని, నీళ్ళు అడిగి తాగాడు. కొడుకు ఇంకోటి చూపిస్తుంటే చెయ్యి అడ్డంగా ఊపాడు.

ఈ సంగతి ఎదురింట్లో తెలిసింది. ఒక సాయంత్రం చక్రపాణి గారు గేటు దగ్గరకొచ్చి పిలిచాడు. ఆయన భార్య సూర్యప్రభ గారు రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చి అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళింది.

"కారు చూస్తున్నారటగా. మాదే తీసుకోండి మట్టయ్య గారూ. నేనింక నడపలేను. కంటి డాక్టరు ఖరాఖండీగా చెప్పేశాడు, పక్క నుంచి వచ్చేది మీకు కనపడదు, స్టీరింగ్ ముట్టుకోవద్దని. కాగితం మీద రాసిచ్చాడండీ." ఆయన వాకిట్లోని కారు వైపు చూశాడు. "ఇంట్లో మనిషిని పంపించేస్తున్నట్టుంది."

ఎదుటి మనిషి బాధపడుతున్నాడని మట్టయ్యకు తెలుస్తూనే ఉంది. కానీ ఆయనకు ఆ కాగితం మీదికే మనసు పోయింది. ఆ ముక్క ఎవరైనా తనకు రాసిస్తే ఎంత బాగుండేది! ఎవరికీ సమాధానం చెప్పే పని ఉండదు.

"నాకు గూడ గట్ల ఎవరన్న రాసిస్తె బాగుండు సార్" అన్నాడు.

చక్రపాణి గారు హాస్యమనుకున్నాడు. "మీకేమండీ, ఉక్కులా ఉన్నారు! మీరు తీసుకుంటే మాకూ ఒక ధైర్యం. అప్పుడప్పుడూ శనివారాలు మమ్మల్ని కూడా కర్మన్‌ఘాట్ గుడిదాకా తీసుకెళ్ళొచ్చు."

మట్టయ్య కాఫీ తాగి లేచాడు.

ఇంట్లో మాత్రం కొత్తదే ఖాయమయ్యింది. ఎదురింటి కారు సంగతి చెబితే జ్యోతిక "గదే తీసుకుందాం" అంది గానీ, అత్త ఒప్పుకోలేదు. పైగా మహేష్‌కు మరో మాట దొరికింది. ఒక రోజు తండ్రి భుజానికి నూనె రాసుకుంటూ ఉండగా చూసి, రెండు రోజులు ఆలోచించి, గేర్లు లేని బండి తీసుకుందామన్నాడు. "క్లచ్చి గూడ ఉండది నాయినా. నీ భుజానికి, మోకాలికి ఏం పని ఉండది. ఊకె కూసుంటె అదే పోతది." కొడుకుకు తన మీద ఉన్న ప్రేమ మట్టయ్యకు కనపడింది. ఇంత ఆలోచించినవాడికి వద్దని ఎట్లా చెప్పడం?

ఇంకోసారి నడిపి చూసి, బుక్ చేసి వద్దామని మళ్ళీ అదే షోరూముకు పోయారు. ఈసారి ఉపేంద్ర ముందు సీట్లో కూర్చున్నాడు, ఇంట్లోవాళ్ళు ముగ్గురూ వెనక. చౌరస్తా దగ్గర ట్రాఫిక్ కదలడం లేదు. ఫ్లైఓవర్ కింద బండ్లన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు నిలబడ్డాయి. మట్టయ్య ఎడమ కాలికి పని లేదు. అది లేని క్లచ్చి కోసం వెతుక్కుంటోంది. వెనకనుంచి ఒక ఆటో ఆపకుండా హారను కొడుతోంది. కాస్త సందు దొరికి బండి ముందుకు పోయిందో లేదో, ఎడమవైపు నుంచి ఇద్దరు మనుషులున్న మోటార్‌సైకిలు అడ్డంగా దూరింది. మట్టయ్య బ్రేకు తొక్కాడు. అందరూ ముందుకు తూలారు. మోటార్‌సైకిలు వాళ్ళు వెనక్కి కూడా చూడకుండా పోయారు.

ఏమీ కాలేదు.

"జూసిండ్రా మా నాయిన బ్రేకు!" అన్నాడు మహేష్ ఉపేంద్రతో.

మట్టయ్య సిగ్నలు దాటించి, బండిని మెల్లగా ఎడమకు తీసి, కొబ్బరిబోండాల బండి పక్కన ఆపాడు. హ్యాండ్ బ్రేకు వేశాడు. రెండు చేతులూ స్టీరింగ్ మీది నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేను నడప మహేషూ."

"జరసేపు ఆగి పోదాం తీయి నాయినా. తొందరేమున్నది?"

"ఇప్పుడని గాదు. కొత్తది కొను, పాతది కొను, గేర్లున్నది కొను, లేంది కొను. నేనైతె నడప."

ఉపేంద్ర కిటికీలోంచి కొబ్బరిబోండాల వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఏమైంది నాయినా? పానం మంచిగ లేదా?"

"పానం మంచిగనే ఉన్నది."

"మరి గిన్ని దినాల సంది ఎందుకు చెప్పలె?"

"మీరు కొత్తదా పాతదా అని అడిగిండ్రు. నడుపుతవా అని ఎవరడిగిండ్రు?" మట్టయ్య గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "ఒక్క యాక్సిడెంటు చెయ్యలేదని దండేసిండ్రు గద. చెయ్యకుంట జూసుకునుడే నన్ను తిన్నదిరా. లోపల నిలవడ్డోళ్ళు, మెట్ల మీద యాలాడేటోళ్ళు, ముంగట ఉరికొచ్చేటోళ్ళు, పొద్దంత అందర్ని కండ్లల్ల పెట్టుకోవాలె. ఇంటికొచ్చి పండుకున్నంక గూడ కాలు బ్రేకు తొక్కుతనే ఉంటది. ఇప్పటికి గూడ. ఇంక ఎవ్వరి పానం నా చేతుల వద్దు."

షోరూముకు తిరిగి ఉపేంద్రే నడిపాడు. బుకింగ్ మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు.

సుమిత్రమ్మ రెండు రోజులు మొగుడితో సరిగా మాట్లాడలేదు. టీ గ్లాసు ముందు పెట్టి పోయేది. మూడో పొద్దున పెరట్లో బట్టలు పిండుతున్న ఆమె దగ్గరకు మట్టయ్యే పోయి నిలబడ్డాడు. "నీ మోకాళ్ళ కోసమే గద కారు. దవాఖానకు పోయెటప్పుడు డ్రైవర్ను మాట్లాడుకుందాం తీ" అన్నాడు.

ఆమె చీర జాడించి తీగ మీద వేసింది. "మోకాళ్ళ కోసమని ఎవరన్నరు?"

"మరి?"

"పట్నం మొత్తాన్ని తిప్పినవు. నన్నెన్నడన్న తిప్పినవా?" తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. "నీ బస్సు ఒక్కపారి ఎక్కిన, యాదికున్నదా? ఆడోళ్ళ సీట్ల, నీ ఎనకనే కూసున్న. దిల్‌సుఖ్‌నగర్ కాడికెల్లి కోఠిదాంక నువ్వు ఒక్కపారన్న ఎనకకు మర్రి సూడలే."

"డ్యూటీల మర్రి సూడొద్దు సుమిత్రా."

"ఎరుకే. అందుకే ఏమనలే. కారైతె పక్కకు కూసోవచ్చనుకున్న."

ఆమె బకెట్టు తీసుకుని లోపలికి పోయింది. మట్టయ్య తీగ మీది చీర నుంచి నీళ్ళు కారుతుంటే చూస్తూ అక్కడే నిలబడిపోయాడు. ఆమె మనసులో ఆ కోరిక ఉందని ఇన్నేళ్ళలో ఆయనకు తట్టలేదు. తట్టనందుకు సిగ్గుగా ఉంది. అయినా, సరే నడుపుతాను అన్న మాట నోట రాలేదు. అది కూడా సిగ్గుగానే ఉంది.

సాయంత్రం మహేష్ రాగానే జ్యోతిక అందరికీ టీ ఇచ్చి, తానూ గ్లాసు పట్టుకుని కూర్చుంది. ఇంట్లో ఆమె అలా మధ్యలో కూర్చుని మాట్లాడటం తక్కువ.

"కారు నేను నడుపుత" అంది.

మహేష్ గ్లాసు దించాడు. "నువ్వా? నీకేడొస్తది?"

"నేర్సుకుంట. లైసెన్సు కోసం మొదటి పరీక్ష రాసిన పోయిన నెలల. పాసైన గూడ." సిగ్గుపడుతూనే చెప్పింది. "అందుకే పాతది అన్న మామయ్యా. కొత్తదైతె నేను యాడన్న గీకితె ఇంట్ల అందరి పానం పోతది. ఇంక నాకెన్నడు ఇయ్యరు. పాతదైతె ఒకటి రెండు గీతలు పడ్డ ఏం గాదు."

"గీ సంగతి ముందుగాల చెప్పకపోతివి?" అంది సుమిత్రమ్మ.

"మామయ్య ఉండంగ నువ్వెందుకు అంటరని."

మట్టయ్య కోడలి వైపు చూశాడు. చాలా రోజుల తర్వాత ఆయనకు నవ్వొచ్చింది.

అట్లా ఎదురింటి కారు రోడ్డు దాటి ఈ ఇంటి ముందుకొచ్చింది. ఒకరు కూర్చుని విడిచిన సీటు సంగతి సుమిత్రమ్మ మళ్ళీ ఎత్తలేదు. సూర్యప్రభ గారి చేతి శుభ్రం తనకు తెలుసునని మాత్రం అంది. నేర్పే పని మట్టయ్య మీదే పడింది. ప్రొద్దున్నే వనస్థలిపురం కాలనీల్లో వెడల్పు రోడ్ల మీదికి తీసుకుపోయి, పక్క సీట్లో కూర్చునేవాడు. నడపడం కంటే నేర్పడం ఎక్కువ అలుపని ఆయనకు రెండో రోజే తెలిసింది. జ్యోతిక క్లచ్చి టక్కున వదిలితే బండి ఎగిరి ఆగిపోయేది. పాలబండి ఎదురొస్తే ఆమె స్టీరింగ్ వదిలేసి కళ్ళు మూసుకునేది. మట్టయ్య తన వైపు లేని బ్రేకును తొక్కి తొక్కి, ఇంటికొచ్చేసరికి పిక్కలు పట్టుకునేవి. అయినా ఒక్కసారి అరవలేదు. "కండ్లు మూసుకోకు బిడ్డా. మూసుకుంటె అది పోదు" అని మాత్రం అనేవాడు.

మొదటి వారంలోనే గేటుకు తగిలి కుడివైపు తలుపు పొడుగునా గీత పడింది. ఇంట్లో ఎవరికీ ప్రాణం పోలేదు. ఎదురింటి బాల్కనీలో నిలబడి చూస్తున్న చక్రపాణి గారు మాత్రం "అయ్యయ్యో" అన్నాడు. "ఇంక మన బండి కాదు కదండీ, లోపలికి రండి" అని సూర్యప్రభ గారు ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

ఒక రోజు పొద్దున మహేష్, జ్యోతిక పనులకు పోయాక మట్టయ్య చొక్కా తొడుక్కుని, సుమిత్రమ్మను బయటికి పిలిచాడు. కారు ముందు తలుపు తెరిచాడు. "ఎక్కు."

"ఏడికి?"

"ఏడికని లేదు."

ఆమె ఒక్క క్షణం నిలబడి, చీర మార్చుకుంటానంది. మార్చుకుని వచ్చి, మోకాలు చేత్తో పట్టుకుని ఎక్కి కూర్చుంది. విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్ దాటి, పెద్ద అంబర్‌పేట దాటి పోయారు. సుమిత్రమ్మ సీటుకు ఆనలేదు. పసుపు రాసిన చేతులు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

"మాట్లాడొచ్చు. గిది బస్సు గాదు" అన్నాడు మట్టయ్య.

"ఏం మాట్లాడాలె?"

ఆమె కాసేపు మామిడితోటను, కాసేపు కొత్తగా లేచిన కళ్యాణమండపాన్ని చూపించింది. తర్వాత ఆయన చేతుల వైపు చూసింది. ఎదురుగా ఖాళీ రోడ్డున్నా ఆ వేళ్ళు స్టీరింగ్‌ను బిగబట్టి ఉన్నాయి. మెడ నరం లేచి ఉంది. ఇన్నేళ్ళు ఇంటికొచ్చిన మనిషిని చూసింది గానీ, ఇట్లా పనిలో ఉన్న మనిషి ముఖం పక్కనుంచి ఎన్నడూ చూడలేదు.

అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర రోడ్డు పక్కన టీ తాగారు. సుమిత్రమ్మ గ్లాసు ఇచ్చేసి, "సాలు. ఇగ మర్లుదాం" అంది.

"ఇంక జర దూరం పోదాం తీ. చౌటుప్పల్ దాంక."

"వద్దు. కూసున్న గద. సాలు." కారు తలుపు తీసుకుంటూ, "ఇంక అడుగ" అంది.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి మట్టయ్య చాప మీద వాలితే సందె దాకా లేవలేదు. సుమిత్రమ్మ తలుపు దగ్గరగా వేసి, ఫ్యాను పెద్దగా పెట్టింది.

ఉగాది దాటేసరికి జ్యోతికకు లైసెన్సు వచ్చింది, చెయ్యీ కుదిరింది. ఇంటిల్లిపాదికీ హాయి అయ్యింది. పొద్దున మహేష్‌ను మెట్రో దగ్గర దింపి తాను కొత్తపేట పోయేది. అత్తను దవాఖానకు తిప్పేది. శనివారం సాయంత్రం ఎదురింటివాళ్ళను కర్మన్‌ఘాట్ గుడికి తీసుకుపోయేది. చుట్టాల పిల్లలకు పరీక్షలుంటే వాళ్ళనూ తీసుకుపోయేది. అందరూ ఆమెను మెచ్చుకున్నారు. "మా జ్యోతిక నడిపితె కడుపుల సల్ల కదలది" అని సుమిత్రమ్మ చుట్టాలకు ఫోన్లో చెప్పేది.

ఒక శనివారం మట్టయ్య వాకిట్లో కూర్చుని ఉండగా జ్యోతిక గుడి నుంచి వచ్చింది. చక్రపాణి దంపతులు దిగి, ప్రసాదం పొట్లం ఆమె చేతికిచ్చి లోపలికి వెళ్ళారు. ఆమె కారు ఇంటి ముందుకు తెచ్చి ఆపింది. ఇంజను ఆగింది, లైట్లు ఆరాయి. ఆమె దిగలేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచి, ఎదురు గోడకేసి చూస్తూ కూర్చుంది. లోపలినుంచి సుమిత్రమ్మ పిలిచింది. అయినా కదల్లేదు.

మట్టయ్య లేచి కారు దగ్గరకు పోబోయాడు. మళ్ళీ మనసు మార్చుకుని లోపలికి పోయాడు. మహేష్ టీవీ ముందున్నాడు.

"ఐతారం ఐతారం కారు తీయొద్దు" అన్నాడు మట్టయ్య.

"ఎందుకు నాయినా? రేపు నకిరేకల్ పోదామన్నం గద పెద్దమ్మోళ్ళింటికి. జ్యోతికకు చెప్పిన."

"చెప్పినవు. అడిగినవా?"

కొబ్బరిబోండాల బండి పక్కన విన్న మాట మహేష్‌కు గుర్తొచ్చి ఉంటుంది. టీవీ గొంతు తగ్గించాడు.

"బస్సున్నది. నేను తోడొస్త" అన్నాడు మట్టయ్య. "గా పొల్లను పండుకోనీ."

మరునాడు పొద్దున తండ్రీ కొడుకులు ఎల్.బి.నగర్‌లో నకిరేకల్ మీదుగా పోయే బస్సు ఎక్కారు. వాళ్ళు బయల్దేరేటప్పటికి జ్యోతిక ఇంకా లేవలేదు. లేపవద్దని, బస్సు ఎక్కలేక ఇంట్లోనే ఆగిన సుమిత్రమ్మే గిన్నెల చప్పుడు కాకుండా టీ పెట్టి ఇచ్చింది. బస్సులో ముందు సీట్లు ఖాళీగా ఉన్నా మట్టయ్య వెనక్కి నడిచి, కిటికీ పక్కన కూర్చున్నాడు. హయత్‌నగర్ దాటాక మహేష్ పక్కకు చూస్తే తండ్రి కళ్ళు తెరిచే ఉన్నాయి. నిలబడ్డవాళ్ళ సందుల్లోంచి దూరంగా కనపడే రోడ్డును చూస్తున్నాడు.

"ఇంక మస్తు దూరమున్నది నాయినా. జర పండుకో."

"ఆఁ" అన్నాడు మట్టయ్య.